తండ్రి ఇచ్చింది, చట్టం తీసుకున్నది: విక్టోరియా కాలపు ఇంగ్లండులో కూతురి పెళ్ళి

1858 జనవరి 25న లండన్‌లో పెళ్ళికి బయల్దేరే ముందు ఒక ఫొటో తీశారు. వెండిపూత పూసిన రాగి రేకు మీద బొమ్మ పడే డాగెరోటైప్ పద్ధతి అది. బొమ్మ సరిగ్గా రావాలంటే మనుషులు కాసేపు కదలకుండా నిలబడాలి. తెల్లటి పట్టు గౌనులో పదిహేడేళ్ళ పెళ్ళికూతురు, ఆమెతో తల్లీ తండ్రీ ఉన్నారు. తల్లి ముఖం మాత్రం చెదిరిపోయింది. వణుకు ఆగలేదనీ, అందుకే తన రూపు సరిగా పడలేదనీ ఆవిడే డైరీలో రాసుకుంది. ఆ తల్లి విక్టోరియా రాణి, తండ్రి ప్రిన్స్ ఆల్బర్ట్. పెళ్ళికూతురు వాళ్ళ తొలిచూలు బిడ్డ. పేరు తల్లిదే, ఇంట్లో మాత్రం విక్కీ అని పిలిచేవారు.

విక్టోరియా కాలపు పెళ్ళి అనగానే మనకి తెల్ల గౌను, మేలిముసుగు, నారింజ పూలు, తండ్రి చేయి పట్టుకుని చర్చిలో నడిచే అమ్మాయి గుర్తొస్తారు. తెలుగు క్రైస్తవుల పెళ్ళిళ్ళలో తెల్ల చీర, మేలిముసుగు, తండ్రితో ఆ నడక ఇప్పటికీ చూస్తాం. ఆ నడక వెనక ఉన్న చట్టం సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఒక తండ్రి కూతురి చేతిని పెళ్ళికొడుకు చేతిలో పెట్టాడంటే, ఆ క్షణం నుంచి ఆ అమ్మాయి సంపాదన, పర్సులో డబ్బు, చివరికి కోర్టుకి వెళ్ళే హక్కు కూడా ఆ చేతితోపాటే వెళ్ళిపోయేవి. కాబట్టి కూతురి మీద ప్రేమ ఉన్న తండ్రి అసలు పని చర్చిలో ఉండేది కాదు. పెళ్ళికి కొన్ని వారాల ముందు సొలిసిటర్ (దస్తావేజులు రాసే లాయరు) ఆఫీసులో ఉండేది. ఆ పని చేసే స్తోమత ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదే విక్టోరియా కాలపు పెళ్ళి కథలో కీలకమైన ముడి.

ముందు ఆల్బర్ట్ సంగతి చూద్దాం. 1855 సెప్టెంబరులో, అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా రాజకుమారుడు ఫ్రెడరిక్ విలియం స్కాట్లండులోని బాల్మోరల్‌కి వచ్చాడు. అతనికి ఇరవై మూడేళ్ళు, విక్కీకి ఇంకా పద్నాలుగే. అతను మొదట అడిగింది తల్లిదండ్రులనే. తర్వాతే, కొండ మీద గుర్రపు స్వారీలో, ఒక తెల్ల హీథర్ కొమ్మ ఇచ్చి అమ్మాయికి తన మనసులో మాట చెప్పాడు. పదిహేడేళ్ళు నిండితే గానీ పెళ్ళి చేయమని రాణీ ఆల్బర్టూ షరతు పెట్టారు. ఆ మధ్య కాలంలో ఆల్బర్ట్ కూతురికి తానే గురువయ్యాడు. రోజూ సాయంత్రం కొంతసేపు ఆమెను కూర్చోబెట్టుకుని చరిత్ర, రాజ్యాంగం, జర్మనీ రాజకీయాలు చెప్పేవాడు. విదేశంలో, పరాయి రాజకుటుంబంలో అడుగుపెట్టబోయే పిల్లకి నగల కంటే ఈ చదువే ముఖ్యమని ఆయన గట్టిగా నమ్మాడు. సారె సంగతి అందరు తండ్రులూ ఆలోచిస్తారు. అంతటి పదవీ బాధ్యతల్లో కూతురి కోసం పాఠాలు తయారు చేసుకున్న తండ్రి అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

పెళ్ళి ఎక్కడ జరగాలన్న దాని మీద పెద్ద గొడవే అయింది. మా యువరాజుల పెళ్ళి బెర్లిన్‌లోనే జరగాలని ప్రష్యా వాళ్ళు పట్టుబట్టారు. ఇంగ్లండు రాణి పెద్దకూతురిని పెళ్ళాడే యోగం రోజూ పట్టదని విక్టోరియా తన విదేశాంగ మంత్రి క్లారెండన్‌కి ఘాటుగా రాసింది. దాంతో పెళ్ళి లండన్‌లోనే, సెయింట్ జేమ్స్ ప్యాలెస్ చాపెల్‌లో ఖాయమైంది. పార్లమెంటు 40,000 పౌన్ల కట్నం, ఏటా 8,000 పౌన్ల భత్యం మంజూరు చేసింది. రెండు రాజ్యాల మధ్య పెళ్ళి ఒప్పందం కూడా కుదిరింది. రాజుల ఇంట్లో అయితే కూతురి డబ్బు భద్రతకి ఏకంగా రెండు ప్రభుత్వాలు కాగితం మీద సంతకం పెట్టాయన్నమాట.

చాపెల్‌లో విక్కీ ఒక పక్క తండ్రి, ఇంకో పక్క బెల్జియం రాజు లియోపోల్డ్ నడుస్తుండగా వచ్చింది. లియోపోల్డ్ అటు రాణికీ ఇటు ఆల్బర్ట్‌కీ మేనమామో చిన్నాన్నో అయ్యే పెద్దమనిషి. వెనక ఎనిమిదిమంది తోడి పెళ్ళికూతుళ్ళు ఉన్నారు. హానిటన్ లేసు కుచ్చులు వేసిన తెల్లటి పట్టు గౌను, నారింజ పూలు, మర్టిల్ రెమ్మలు ఆమె అలంకారం. జంట బయటికి వస్తున్నప్పుడు మెండెల్‌సన్ వెడ్డింగ్ మార్చ్ వాయించారు. ఆ తర్వాతే అది ఇంగ్లండు పెళ్ళిళ్ళలో తప్పనిసరి పాటలా స్థిరపడింది. తెల్ల గౌనుకి అంతకు పద్దెనిమిదేళ్ళ ముందు, 1840 ఫిబ్రవరి 10న, రాణి తన సొంత పెళ్ళిలో ఊపు తెచ్చింది. ఆ రోజు ఆమెని అప్పగించడానికి తండ్రి లేడు. ఆమెకి ఏడాది కూడా నిండకముందే ఆయన పోయాడు. ఆ బాధ్యత చిన్నాన్న ససెక్స్ డ్యూక్ తీసుకున్నాడు. సామాన్యుల ఇళ్ళలో అయితే పెళ్ళికూతురు ఉన్నవాటిలో మంచి గౌను, ఏ రంగైనా సరే, వేసుకునేది. పెళ్ళి తర్వాత ప్రతి ఆదివారం అదే గౌనులో చర్చికి వెళ్ళేది.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. ఇంగ్లండు చర్చి 1662 నాటి ప్రార్థన పుస్తకం ప్రకారం పెళ్ళి జరిపించేది. అందులో పాదిరి ఒక ప్రశ్న అడుగుతాడు: ఈ స్త్రీని ఈ పురుషుడికిచ్చి పెళ్ళి చేస్తున్నది ఎవరు? ఆ ప్రశ్నకి తండ్రి చెప్పాల్సిన జవాబు పుస్తకంలో లేదు. తండ్రి చేతి నుంచో, ఆయన లేకపోతే ఆప్తుడి చేతి నుంచో పాదిరి అమ్మాయిని స్వీకరించి, ఆమె కుడిచేతిని వరుడి కుడిచేతిలో పెట్టిస్తాడు, అంతే. అంటే తండ్రి వంతు మాట లేని పని. ఆ తర్వాత పెళ్ళికొడుకు ఉంగరం తొడుగుతూ, నాకున్న లౌకిక సంపదలన్నీ నీకు ధారపోస్తున్నాను అని ప్రమాణం చేస్తాడు. చట్టం సరిగ్గా దీనికి ఎదురు చెప్పేది. ఆ ప్రమాణం పూర్తయ్యేసరికి అమ్మాయి సంపదే అతని వశమయ్యేది.

ఇంగ్లండు కామన్ లా, అంటే కోర్టు తీర్పుల ద్వారా స్థిరపడిన చట్టం, ప్రకారం పెళ్ళయ్యాక భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి. ఆ ఒక్క మనిషీ భర్తే. అమ్మాయి తెచ్చుకున్న నగదు, వస్తువులు, నగలు, పెళ్ళి తర్వాత ఆమె సంపాదించే కూలీ, జీతం, అన్నీ భర్తవే. భూమి ఉంటే ఆమె ఒప్పుకోలు లేకుండా అమ్మలేడు గానీ, దాని మీద వచ్చే కౌలు అంతా అతనిదే, పెత్తనం అతనిదే. ఆమె తన పేరు మీద దావా వేయలేదు, సొంతంగా ఒప్పందం రాసుకోలేదు, ఆస్తికి వీలునామా రాయలేదు. మన ధర్మశాస్త్రాల్లో ఎన్ని లోపాలున్నా, స్త్రీధనం అని ఒకటి వేరుగా గుర్తించారు. ఇంగ్లండు కామన్ లాలో ఆ గీత కూడా లేదు.

డబ్బున్న తండ్రులు దీనికి ఒక దారి కనిపెట్టారు. ఇంగ్లండులో రెండు రకాల కోర్టులుండేవి. కామన్ లా కోర్టులు పాత నియమాలను అక్షరం తప్పకుండా అమలు చేసేవి. న్యాయబుద్ధిని చూసి తీర్పు చెప్పే ఛాన్సరీ కోర్టు వేరు. ట్రస్టులను ఈ రెండోది గుర్తించేది. దాన్ని ఆసరా చేసుకుని పుట్టినదే మ్యారేజ్ సెటిల్‌మెంట్. తండ్రి కూతురికి ఇవ్వదలచిన డబ్బును ఆమెకీ అల్లుడికీ ఇవ్వకుండా ఇద్దరు ముగ్గురు ట్రస్టీల పేరు మీద పెట్టేవాడు. సాధారణంగా కూతురి అన్నదమ్ములో, మేనమామో, కుటుంబ స్నేహితుడో ట్రస్టీలుగా ఉండేవారు. ఉదాహరణకి 5,000 పౌన్లు మూడు శాతం వడ్డీ వచ్చే ప్రభుత్వ బాండ్లలో పెట్టారనుకుందాం. ఏటా వచ్చే 150 పౌన్లు ఆమె సొంతానికి, ఆమె చేతికే అందాలని దస్తావేజులో రాస్తారు. అసలు సొమ్ము ఆమె తదనంతరం పిల్లలకి. అల్లుడు ఆస్తిపరుడైతే అతని వైపు నుంచి కూడా రాయించేవారు: భార్యకి ఏటా ఇంత చేతిఖర్చు, తను ముందు పోతే ఆమెకి బతికున్నంత కాలం ఇంత మనోవర్తి అని. రెండు వైపుల సొలిసిటర్లు వారాల తరబడి బేరాలాడుకుని, ఒక్కో వాక్యం మీద వాదించుకుని దీన్ని తేల్చేవారు. చట్టం దృష్టిలో సొమ్ము ట్రస్టీలది, కాబట్టి అల్లుడు దాన్ని ముట్టుకోలేడు. అతని అప్పులవాళ్ళూ ముట్టుకోలేరు.

మన పల్లెల్లో పసుపు కుంకుమల కింద కూతురి పేరున ఎకరమో అరెకరమో రాసిచ్చే పద్ధతి తెలిసినవాళ్ళకి దీని ఉద్దేశం వెంటనే అర్థమవుతుంది. వియ్యంకుడి చేతికిచ్చే కట్నం లాంటిది కాదిది. కూతురి కాళ్ళ కింద కాస్త నేల ఉండాలని పుట్టింటివాళ్ళు పడే తాపత్రయం.

ఈ తాపత్రయం ఒక్కోసారి విచిత్రమైన చోటికి వెళ్ళేది. భర్త బతిమాలో బెదిరించో ఆ 150 పౌన్ల మీద హక్కును భార్య చేతే రాయించుకుంటే? అలా జరగకుండా, రాబోయే ఆదాయాన్ని ఆమె అమ్మడానికీ, తాకట్టు పెట్టడానికీ, వదులుకోవడానికీ వీల్లేదని ఇంకో నిబంధన చేర్చేవారు. భర్త నుంచి కాపాడటం కోసం ఆమెని ఆమె నుంచే కాపాడారు. ఈ నిబంధన ఎంత మొండిదంటే 20వ శతాబ్దం సగం దాకా బతికింది. దీని చివరి అధ్యాయంలో మనకి తెలిసిన పేరే ఉంది. భారతదేశపు చివరి వైస్రాయి భార్య ఎడ్వినా మౌంట్‌బాటెన్‌కి తాత ఎర్నెస్ట్ కాసెల్ ద్వారా వచ్చిన ఆస్తికి ఇదే సంకెల ఉండేది. దాన్ని విడిపించుకోవడానికి ఆమె కోసం పార్లమెంటులో ప్రత్యేక బిల్లు పెట్టారు. ఒక్కరికే ఎందుకని దుమారం రేగడంతో, 1949లో ఆ నిబంధనను అందరికీ రద్దు చేస్తూ చట్టం తెచ్చారు.

సెటిల్‌మెంట్ రాయించాలంటే ట్రస్టులో పెట్టడానికి డబ్బుండాలి, సొలిసిటర్లకి ఫీజులివ్వాలి. దర్జీవాడికీ, గనికూలీకీ, చిన్న కిరాణా కొట్టువాడికీ అది అందని మాట. వాళ్ళ పిల్లల పెళ్ళి చర్చిలో మూడు ఆదివారాలు పేర్లు చదివించి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగించి, పనిదినం పోకుండా ఒక పొద్దున్న జరిగిపోయేది. 1886 దాకా పెళ్ళి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపు ముగియాలన్నది చట్టం. ఆ తర్వాత సాయంత్రం 3 దాకా పొడిగించారు. పెళ్ళి విందుని ఇంగ్లండులో ఈనాటికీ బ్రేక్‌ఫాస్ట్ అనే అంటారు. ఆ విందు ఖర్చు, పెళ్ళికూతురి బట్టలు, దుప్పట్లు, సారె సామాను తండ్రి మీద పడేవి. ఉంగరం, పాదిరి ఫీజు పెళ్ళికొడుకు వంతు. బీద తండ్రి అప్పు చేసైనా ఆ పూట మర్యాద నిలుపుకునేవాడు. కానీ మర్నాటి నుంచి కూతురు మిల్లులో చేసే కూలీ తాగుబోతు అల్లుడు ఎత్తుకుపోతుంటే అడ్డుపడే కాగితం ఆయన దగ్గర లేదు.

తండ్రి అధికారానికి చీకటి వైపు కూడా ఉంది. 21 ఏళ్ళలోపు పిల్లల పెళ్ళికి తండ్రి అనుమతి కావాలి. తండ్రి బతికుండగా ఈ విషయంలో తల్లికి చట్టపరంగా నోరు లేదు. అందుకే ప్రేమజంటలు సరిహద్దు దాటి స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కి పరిగెత్తేవారు. 1856 చట్టం అక్కడ ముందు 21 రోజులు నివాసం ఉండాలని మెలిక పెట్టాక ఆ పరుగు తగ్గింది. వయసు దాటిన కూతుళ్ళకీ తండ్రి భయం తీరేది కాదు. కవయిత్రి ఎలిజబెత్ బారెట్‌కి నలభై ఏళ్ళు. తన పిల్లలెవరూ పెళ్ళి చేసుకోకూడదని ఆమె తండ్రి శాసించాడు. 1846 సెప్టెంబరు 12న ఆమె పనిమనిషిని తోడు తీసుకుని లండన్‌లోని మారిల్‌బోన్ చర్చికి వెళ్ళి రాబర్ట్ బ్రౌనింగ్‌ని రహస్యంగా పెళ్ళాడింది. ఉంగరం తీసేసి మళ్ళీ తండ్రి ఇంటికే వచ్చింది. వారం తర్వాత భర్తతో ఇటలీకి వెళ్ళిపోయింది. తండ్రి ఆమెని జీవితంలో క్షమించలేదు. ఆమె రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపాడు.

దీనికి పూర్తి భిన్నమైన తండ్రి బెంజమిన్ లీ స్మిత్ అనే పార్లమెంటు సభ్యుడు. ఆయన కొడుకులనీ కూతుళ్ళనీ ఒకేలా చూసి, 21 ఏళ్ళు రాగానే ప్రతి ఒక్కరికీ ఏటా 300 పౌన్లు సొంత ఆదాయం ఏర్పాటు చేశాడు. పెళ్ళి అయ్యేదాకా ఆగలేదు, అల్లుడితో బేరమాడలేదు. ఆ కూతుళ్ళలో పెద్దది బార్బరా. పెళ్ళయిన స్త్రీకి చట్టం ఏం మిగులుస్తుందో 1854లో మామూలు మాటల్లో ఒక చిన్న పుస్తకంగా రాసింది. 1856లో పెళ్ళైన స్త్రీల ఆస్తి హక్కు కోసం దాదాపు 26,000 సంతకాలతో పార్లమెంటుకి వినతిపత్రం వెళ్ళడానికి ఆమే ముఖ్య కారకురాలు. చేతిలో తనదంటూ డబ్బున్న అమ్మాయే అది లేనివాళ్ళ కోసం మొదట లేచి నిలబడిందన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

మంచి భర్త దొరికినా చట్టం మారదని చెప్పే సంఘటన ఒకటుంది. తర్వాతి రోజుల్లో ఓటు హక్కు ఉద్యమానికి నాయకురాలైన మిలిసెంట్ ఫాసెట్ పర్సు లండన్‌లోని వాటర్‌లూ స్టేషనులో ఒక కుర్రాడు కొట్టేశాడు. ఆమె తండ్రి న్యూసన్ గారెట్ కూతుళ్ళని కడుపులో పెట్టుకుని పెంచిన వ్యాపారి. మొదట కాదన్నా, తర్వాత ఇంకో కూతురు ఎలిజబెత్‌ని డాక్టరు చదువుకి వెనకుండి నడిపించినవాడు. భర్త హెన్రీ ఫాసెట్ స్త్రీల హక్కులకి పార్లమెంటులో గొంతెత్తిన మనిషి. అయినా కోర్టులో దొంగ మీద చదివిన అభియోగంలో ఏముంది? మిలిసెంట్ ఒంటి మీది నుంచి ఒక పౌను 18 షిల్లింగుల 6 పెన్నీలున్న పర్సు దొంగిలించాడు, ఆ సొత్తు హెన్రీ ఫాసెట్‌ది అని. అది వింటుంటే తనే దొంగతనం చేసి నిలబడినట్టు అనిపించిందని ఆవిడ చెప్పుకుంది.

చట్టం రెండు మెట్లుగా మారింది. 1870లో మొదటి మెట్టు: భార్య కష్టపడి సంపాదించిన కూలీ, జీతం, 200 పౌన్ల లోపు వారసత్వపు సొమ్ము ఆమెవే. 1882 చట్టం 1883 జనవరి 1న అమల్లోకి వచ్చాక పెళ్ళాడిన స్త్రీకి, పెళ్ళికి ముందుదైనా తర్వాతదైనా, ఆస్తి మొత్తం ఆమెదే అయింది. ధనవంతుల కూతుళ్ళ కోసం ఛాన్సరీ కోర్టు అల్లిన నియమాలు చివరికి బీదల కూతుళ్ళ దాకా వచ్చాయని న్యాయపండితుడు డైసీ తర్వాత రాశాడు. ఈ మార్పుకి అంతకంటే సూటి వివరణ నేనెక్కడా చూడలేదు. మంచి తండ్రి డబ్బు పోసి కొన్న రక్షణని చట్టం ఉచితంగా అందరికీ ఇచ్చింది.

పెళ్ళి రిజిస్టరు మాత్రం మారడానికి చాలాకాలం పట్టింది. 1837 జులైలో ఇంగ్లండు, వేల్స్‌లో పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషను మొదలైనప్పుడు వధూవరుల తండ్రుల పేర్లు, వాళ్ళ వృత్తి రాయడానికి గడులు పెట్టారు. తల్లులకి గడి లేదు. 2021 మే 4 దాకా అదే నడిచింది.

తిరిగి ఆల్బర్ట్ దగ్గరికి వెళ్తే, పెళ్ళి తర్వాత రెండురోజులు విండ్సర్‌లో ఉండి, ఫిబ్రవరి 2న కొత్త జంట జర్మనీకి ఓడ ఎక్కింది. మంచు కురుస్తుండగా ఆల్బర్ట్ గ్రేవ్సెండ్ రేవు దాకా వెళ్ళాడు. అప్పగింతలు నిజంగా జరిగింది అక్కడే. మర్నాడు ఆయన కూతురికి ఉత్తరం రాశాడు. నిన్న నువ్వు నా గుండె మీద తల ఆన్చి ఏడుస్తుంటే నా మనసు నిండిపోయింది; నేను ప్రేమని పైకి చూపించే మనిషిని కాను, అందుకే నువ్వు నాకెంత ఇష్టమో, నా రోజుల్లో ఎంత వెలితి మిగిల్చావో నీకు తెలియకపోవచ్చు అన్నది అందులోని సారాంశం. 1861 డిసెంబరు 14న, నలభై రెండేళ్ళకే, ఆయన పోయాడు. రెండో కూతురు ఆలిస్ పెళ్ళి 1862 జులై 1న ఆజ్‌బోర్న్ ఇంట్లో, భోజనాల గదిలో, వింటర్‌హాల్టర్ గీసిన కుటుంబ చిత్రం కింద జరిగింది. అందులో ఆల్బర్ట్ ఉన్నాడు. ఆమెని అప్పగించడానికి ఆయన అన్న వచ్చాడు.

ఈ చట్టాల కొమ్మ ఒకటి మన దాకా వచ్చింది. ఇంగ్లండు 1870 చట్టం చూసి, 1874లో ఇక్కడ మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ చేశారు. మొదట్లో అది హిందువులకీ ముస్లిములకీ వర్తించలేదు. అందులోని 6వ సెక్షన్ని 1923లో అందరికీ విస్తరించారు. పెళ్ళైన మగవాడు తన ప్రాణం మీద జీవిత బీమా పాలసీ తీసుకుని, ఇది భార్య కోసమో పిల్లల కోసమో అని ఈ సెక్షన్ కింద రాస్తే, అది దానంతటదే ట్రస్టు అవుతుంది. అప్పులవాళ్ళని మోసం చేసే ఉద్దేశంతో తీసుకున్నాడని రుజువైతే తప్ప, వాళ్ళు దాన్ని జప్తు చేయించలేరు, ఆ తర్వాత అతనే మనసు మార్చుకున్నా ఆ సొమ్ము వెనక్కి రాదు. కూతురి ఒక్కదాని పేరైనా రాయొచ్చు. బీమా ఏజెంట్లు ఎం.డబ్ల్యు.పి. పాలసీ అనేది దీన్నే. పాలసీ తీసుకునేటప్పుడే అడగాలి, తర్వాత చేర్చడానికి వీలుండదు.